మెరుపును మధ్యలో ఆపడం: మామూలు గాలిలో ప్లాస్మా, పలుచని పొరలు

(సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి రాసిన పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవారికి వినిపిస్తోందా? వినిపించకపోతే చేయెత్తండి, మొహమాటం వద్దు. ఇంకో చిన్న మనవి. ఈ బల్ల పైనున్న ఫ్యాను ఒక్క ఐదు నిమిషాలు ఆపగలరా? నీటి చుక్కతో పని ఉంది. గాలికి కదిలిపోతుంది.

సరే. నా చేతిలో ఉన్నది పాల ప్యాకెట్ తయారు చేసే ఫిల్ము. ఇంకా పాలు నింపలేదు, రోల్ నుంచి కోసిన ముక్క. మీరు రోజూ పొద్దున్నే కత్తెరతో మూల కత్తిరించేది దీన్నే. పాలిథిన్. దీనికి రెండు ముఖాలు. అచ్చు వేసిన ముఖం బయటికి ఉంటుంది, వేయనిది పాలవైపు ఉంటుంది. ముందు పాలవైపు ముఖం మీద ఒక చుక్క నీరు పెడుతున్నాను. తెర మీద చూడండి. చుక్క పొట్ట ఉబ్బించుకుని కూర్చుంది. అంచు దగ్గరికి వచ్చేసరికి కాస్త లోపలికి తిరిగింది కూడా. కింద ఉన్న ప్లాస్టిక్‌తో దానికి పొత్తు కుదరలేదు. ఇప్పుడు ముక్కను తిప్పుతున్నాను. అచ్చు వేసిన వైపు, రంగు పడని చోటు వెతికి... ఇదిగో, ఇక్కడ. చూశారా? చుక్క చదునైంది. పూర్తిగా పరుచుకోలేదు, నిజమే. మరీ ఇంద్రజాలంలా ఏమీ ఉండదు. కానీ తేడా కంటికి తెలుస్తోంది కదా? మొదటి చుక్క అంచు కోణం 95 డిగ్రీల పైమాటే. రెండోది 60, 70 డిగ్రీల దగ్గర ఉంటుంది.

ఫిల్ము ఒకటే. ప్లాస్టిక్ ఒకటే. మరి రెండు ముఖాలకూ ఈ తేడా ఎలా వచ్చింది? ఎవరూ దీని మీద రసాయనం పూయలేదు. గరుకు కాగితంతో రుద్దలేదు. ఫిల్ము తయారయ్యే యంత్రంలో, రోల్‌గా చుట్టడానికి ముందు, అది ఒక ఊదారంగు వెలుగు కింద నుంచి వెళ్లింది. ఎంతసేపు? సెకనులో వందో వంతులు రెండో మూడో. అంతే. ఆ వెలుగు ప్లాస్మా. శూన్యంలో పుట్టించినది కాదు, గాజు గదిలో దాచినది కాదు. మనం పీల్చే ఈ గాలిలోనే, ఈ పీడనంలోనే పుట్టించినది.

ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ప్లాస్మాను పుట్టించడం కష్టమైన పని కాదు. వానాకాలంలో ఆకాశం రోజూ చేస్తుంది ఆ పని. మామూలు పీడనంలో పుట్టించి, అది పెద్దదై మీ వస్తువును కాల్చేలోపు ఆపడం, అదీ కష్టం. ఈ విద్య చరిత్రంతా ఆపడం గురించే. మళ్లీ మళ్లీ ఈ మాటే అంటూ ఉంటాను, విసుక్కోకండి.

ప్లాస్మా అంటే ఏమిటో ఇక్కడ చాలామందికి తెలుసు, అందుకే త్వరగా దాటేస్తాను. వాయువులో కొన్ని అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోతే, ఆ ఎలక్ట్రాన్లూ, వాటిని పోగొట్టుకుని విద్యుదావేశంతో మిగిలిన అయాన్లూ, మామూలు అణువులూ కలగలిసిన స్థితి. వేడి పెంచుతూ పోతే ఏ వాయువు ఎంత మేరకు అలా విడిపోతుందో లెక్క కట్టే సమీకరణాన్ని 1920లో ఇచ్చినవారు మన మేఘనాథ్ సాహా. నక్షత్రాల వర్ణపటాలను చదవడానికి అది తాళంచెవి అయింది. కానీ ఆ లెక్కలో అన్నీ ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి. నేను చెప్పబోయే ప్లాస్మాలో అలా ఉండవు. ఎలక్ట్రాన్లు 10,000, 20,000 డిగ్రీల వేడిలో ఉంటాయి, వాయువు మాత్రం గోరువెచ్చగా ఉంటుంది. ఒకే చోట, ఒకే సమయంలో!

అదెలా సాధ్యం? గోలీ తీసుకుని బండరాయి మీద విసరండి. గోలీ ఎగిరి వెనక్కి వస్తుంది, రాయికి ఏమీ కాదు. నైట్రోజన్ అణువు ఎలక్ట్రాన్ కంటే 51,000 రెట్లు బరువు. ఢీకొన్న ప్రతిసారీ ఎలక్ట్రాన్ తన శక్తిలో పాతికవేలలో ఒక వంతు మాత్రమే దానికి ఇస్తుంది. కాబట్టి విద్యుత్ క్షేత్రం ఎలక్ట్రాన్లను వేడెక్కించినంత త్వరగా వాయువు వేడెక్కదు. ఇక్కడ "త్వరగా" అన్న మాట గుర్తుపెట్టుకోండి. వేడెక్కదని కాదు, వేడెక్కడానికి సమయం పడుతుందని. ఆ సమయం ఇస్తే వేడెక్కి తీరుతుంది. ఇవ్వకూడదు.

మరి శూన్యంలో చేసేవాళ్లకు ఈ బాధ ఎందుకు లేదు? కంప్యూటర్ చిప్పులు తయారు చేసే చోట, కళ్లద్దాల మీద పొరలు వేసే చోట, ప్లాస్మా ఉక్కు గదుల్లో ఉంటుంది. పంపులు పెట్టి గాలి తోడేస్తారు. పొర వేసే గదిలో పీడనం ఒక పాస్కల్ చుట్టూ ఉందనుకోండి. ఈ హాల్లో ఇప్పుడు లక్ష పాస్కల్స్ ఉంది. అక్కడ ఒక అణువు మరో అణువును ఢీకొనేలోపు ఏడు మిల్లీమీటర్లు పోగలదు. ఇక్కడ? 68 నానోమీటర్లు. లక్ష రెట్లు తక్కువ. ఈ గాలిలో ఒక్కో అణువు సెకనుకు సుమారు 700 కోట్లసార్లు పక్కవాటిని గుద్దుకుంటోంది. ఆ తొక్కిసలాటలో ఎలక్ట్రాన్లు తమ వేడిని వాయువుకు పంచిపెట్టేయడానికి అట్టే సేపు పట్టదు.

అయితే శూన్యంలోనే చేసుకోవచ్చు కదా అంటారు. చేస్తున్నారు కూడా. చిప్స్ ప్యాకెట్ లోపల మెరిసే అల్యూమినియం పొర శూన్యంలో వేసిందే. రోల్ మొత్తాన్ని గదిలో పెట్టి, తలుపు బిగించి, గాలి తోడి, పొర వేసి, మళ్లీ గాలి నింపి, తలుపు తీసి... రోల్ రోల్‌కూ ఇదే తంతు. ఉక్కు గది, పంపులు, వాటికి నూనె, వాటి మరమ్మతు, అవి తాగే కరెంటు. విలువైన వస్తువుకైతే గిట్టుబాటు అవుతుంది. పాల ప్యాకెట్‌కు? రొట్టె సంచికి? ఉన్నికి? కారు బంపరుకు? అది గదిలో పట్టాలి కదా ముందు.

ఆపకపోతే ఏమవుతుంది

1889లో ఫ్రీడ్రిక్ పాషెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఒక సంగతి కొలిచి చెప్పాడు. రెండు లోహపు పలకల మధ్య రవ్వ దూకాలంటే ఎంత వోల్టేజి కావాలన్నది పీడనం ఒక్కదాన్ని బట్టి ఉండదు, దూరం ఒక్కదాన్ని బట్టి ఉండదు, ఆ రెండింటినీ గుణిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది. గాలిలో అతి తక్కువ వోల్టేజి 330 దగ్గర. మన ఇంటి కరెంటు కంటే మరీ ఎక్కువేమీ కాదు. కానీ ఆ తక్కువ వోల్టేజి మామూలు పీడనంలో దక్కాలంటే పలకల మధ్య దూరం ఏడెనిమిది మైక్రాన్లకు మించకూడదు. వెంట్రుక మందంలో పదో వంతు. దానిలో ఏ వస్తువు దూరుతుంది? కాబట్టి దూరం పెంచాలి. ఒక సెంటీమీటరు దూరానికి 30,000 వోల్టులు.

అంత వోల్టేజి పెట్టాక ఏమవుతుంది? ఎక్కడో ఒక ఎలక్ట్రాన్ బయల్దేరుతుంది. రెండవుతుంది, నాలుగవుతుంది, కొన్ని నానోసెకన్లలో పలక నుంచి పలకకు సన్నని దారి తెరుచుకుంటుంది. కరెంటు ఆ దారినే పట్టుకుంటుంది. దారి వేడెక్కుతుంది. వేడెక్కితే అక్కడ గాలి పలుచబడుతుంది. పలుచబడితే కరెంటుకు ఇంకా సులువు. ఇంకా వేడెక్కుతుంది. చూస్తుండగానే వాయువు వేడి కూడా ఎలక్ట్రాన్ల వేడిని అందుకుంటుంది. అప్పుడది ఆర్క్. వెల్డింగ్ షాపు ముందు కళ్లు చిట్లించుకుని దాటిపోతామే, అది. దాని కింద పాలిథిన్ పెడితే మిగిలేది బొగ్గు వాసన.

దీన్ని మొదట ఆపినవాడు వెర్నర్ ఫాన్ సీమెన్స్. 1857లో. ఆయనకు ఫిల్ముల గోల లేదు, ఓజోను కావాలి. ఒక గాజు గొట్టంలో ఇంకో గాజు గొట్టం పెట్టాడు. రెంటి మధ్య సందులో ఆక్సిజన్ పోతుంది. లోహం గాజు గోడలకు అవతల ఉంది, వాయువును తాకదు. ఏసీ వోల్టేజి, అంటే దిశ మారుతూ ఉండేది, పెట్టాడు. ఎంత తెలివైన పనో చూడండి. రవ్వ దూకుతుంది, కానీ ఎటు పోయినా గాజు గోడ దగ్గర ఆగాలి. గాజులోంచి కరెంటు పారదు కదా? విద్యుదావేశం ఆ గోడ మీదే పోగుపడుతుంది. పోగుపడిన ఆవేశం తనను తెచ్చిన విద్యుత్ క్షేత్రానికే ఎదురు తిరుగుతుంది. కొద్ది పదుల నానోసెకన్లలో రవ్వ తనంతట తానే ఆరిపోతుంది. ఎవరూ స్విచ్ నొక్కనక్కర్లేదు. మళ్లీ ఏసీ దిశ మారినప్పుడు, గోడ మీద పోగైన ఆ ఆవేశమే ఈసారి సాయం పడుతుంది, ఇంకో రవ్వ పుడుతుంది, ఆరిపోతుంది. 1906లో ఫ్రాన్సులో నీస్ నగరం తాగునీటిని శుద్ధి చేసింది ఇలా తయారైన ఓజోనుతోనే. ఈరోజు మనం వాడే యంత్రాల గుండెకాయ ఇప్పటికీ ఆ గాజు గోడే. గాజు కాకపోతే పింగాణీ, సిలికోన్ రబ్బరు. సూత్రం అదే.

ఆ రవ్వలు ఒక్కొక్కటీ మిల్లీమీటరులో పదో వంతు మందం ఉంటాయి. కంటికి విడివిడిగా కనిపించవు, ఎందుకంటే క్షణక్షణానికీ చోటు మారుతూ వేలకొద్దీ పుడుతుంటాయి. మనకు ఊదారంగు పొగమంచులా కనిపిస్తుంది.

దీన్ని ప్లాస్టిక్ మీదికి తెచ్చినవాడు డెన్మార్క్ ఇంజినీరు వెర్నర్ ఐస్బీ, 1951లో. అప్పుడే ప్లాస్టిక్ సంచులు వస్తున్నాయి, వాటి మీద సిరా నిలవడం లేదు. వేలితో రుద్దితే పోయేది. ఆయన తెచ్చినదాన్నే ఈరోజు పరిశ్రమలో కరోనా ట్రీట్‌మెంట్ అంటారు, ఆ పేరున్న జబ్బుతో సంబంధం లేదు. పద్ధతి చాలా సాదాసీదా. ఫిల్ము ఒక రోలర్ మీద నుంచి పోతుంది. రోలర్‌కు పింగాణీ పూతో రబ్బరు తొడుగో ఉంటుంది. పైన ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎత్తులో ఎలక్ట్రోడ్ కడ్డీ. 10 నుంచి 30 కిలోహెర్ట్జ్, పదివేల వోల్టుల దగ్గర. అంతే యంత్రం.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. విద్యార్థులు రాసుకోండి. యంత్రం శక్తి 2 కిలోవాట్లు. ఫిల్ము వెడల్పు ఒక మీటరు. వేగం నిమిషానికి 100 మీటర్లు. అంటే నిమిషానికి 100 చదరపు మీటర్లు. 2000ను 100తో భాగించండి. చదరపు మీటరుకు 20 వాట్ నిమిషాలు. షాప్ ఫ్లోర్‌లో "డోస్" అనేది దీన్నే. వేగం రెట్టింపు చేసి శక్తి పెంచడం మరిచిపోతే డోస్ సగమవుతుంది, మర్నాడు అచ్చు ఊడుతుంది, ప్రింటింగ్ వాళ్లు సిరా కంపెనీని తిడతారు. సిరా కంపెనీ వాళ్లు ఫిల్ము వాళ్లను తిడతారు. ఇది అన్ని ఊళ్లలో జరిగే కథే.

మరి ఆ సెకనులో రెండు వందో వంతుల్లో ఫిల్ము మీద ఏం జరిగింది? పాలిథిన్ అంటే కార్బన్, హైడ్రోజన్ గొలుసు. నీటికి పట్టు దొరికే చోటు దానిలో ఒక్కటీ లేదు. కార్బన్‌కూ హైడ్రోజన్‌కూ మధ్య బంధం తెంచడానికి నాలుగు ఎలక్ట్రాన్ వోల్టుల పైచిలుకు చాలు. అణువుల స్థాయిలో శక్తిని కొలిచే కొలమానం అది. ప్లాస్మాలో పుట్టిన ఆక్సిజన్ పరమాణువులు, హైడ్రాక్సిల్ ముక్కలు, ఓజోను గొలుసు మీద పడి అక్కడక్కడా హైడ్రోజన్‌ను పీకేస్తాయి. ఖాళీ అయిన చోట ఆక్సిజన్ వచ్చి కూర్చుంటుంది. ఆక్సిజన్ ఉన్నచోట నీరు, సిరా, జిగురు పట్టుకుంటాయి. ఇదంతా పై పది నానోమీటర్ల లోపే. ఫిల్ము మందం 50 మైక్రాన్లు అనుకుంటే అయిదువేల వంతులో ఒక్క వంతు. లోపలి ప్లాస్టిక్‌కు తన నెత్తిన ఏం జరిగిందో తెలియనే తెలియదు.

అయితే ఎక్కువ ట్రీట్ చేస్తే ఎక్కువ మంచిదా? ఎవరన్నా చెప్పండి. ఆ... మూడో వరుసలో అమ్మాయి "కాదు" అంటోంది. కరెక్ట్. ఎందుకు కాదో చెబుతాను, ఇది చాలామంది అనుభవజ్ఞులకు కూడా పట్టుబడని చోటు.

ప్లాస్మా గొలుసుకు ఆక్సిజన్ తగిలించడమే కాదు, గొలుసును కోస్తుంది కూడా. డోస్ పెరిగేకొద్దీ పొట్టి ముక్కలు పెరుగుతాయి. అవి ఫిల్ముకు అంటుకుని ఉండవు, ఊరికే పైన పడి ఉంటాయి. ఆక్సిజన్ దండిగా ఉన్న ముక్కలు కాబట్టి కొలిస్తే రీడింగు బ్రహ్మాండంగా వస్తుంది. సిరా వాటిని పట్టుకుంటుంది. కానీ వాటినే ఎవరూ పట్టుకుని లేరు! సెల్లో టేపు అంటించి లాగితే సిరా ఆ ముక్కలతో సహా వచ్చేస్తుంది. నీటితో తుడిచినా పోతాయి. కాబట్టి మీ దగ్గర అతి మంచి రీడింగు వచ్చిందంటే మురిసిపోకండి, అనుమానపడండి. తడిగుడ్డతో ఒకసారి తుడిచి, ఆరబెట్టి, మళ్లీ కొలవండి. రీడింగు దబ్బున పడిపోతే మీరు ట్రీట్ చేయలేదు, చెడగొట్టారు.

రీడింగు అన్నాను కదా, అదేమిటో చూపిస్తాను. ఇవి డైన్ పెన్నులు. ఒక్కో పెన్నులో ఒక్కో తలతన్యత ఉన్న ద్రవం. తలతన్యత అంటే ద్రవం చుక్కగా ముడుచుకునే బలం, సెంటీమీటరుకు ఇన్ని డైన్లు అని కొలుస్తారు. ఇది 38. ఫిల్ము మీద గీత గీస్తాను. రెండు సెకన్లు చూడాలి. గీత గీతలాగే ఉంటే ఫిల్ము 38 గానీ అంతకంటే ఎక్కువ గానీ. ముక్కలై చుక్కలుగా చేరితే అంతకంటే తక్కువ. ఇదిగో, అచ్చు వైపు గీత నిలిచింది. పాలవైపు... చూడండి, పూసల్లా విడిపోయింది. ట్రీట్ చేయని పాలిథిన్ 31 దగ్గర ఉంటుంది. అచ్చుకు 38 నుంచి 42 కావాలంటారు. నీళ్ల సిరా అయితే పైఅంచు, సాల్వెంట్ సిరా అయితే కిందిఅంచు సరిపోతుంది.

మరి పాలవైపు ఎందుకు ట్రీట్ చేయలేదు? రెండువైపులా చేస్తే పోయేది కదా? చేయకూడదు. ప్యాకెట్ అంచును వేడితో అతికించాలి. ఆక్సిజన్ ఎక్కిన పాలిథిన్ సరిగా అతకదు, పాలు కారతాయి. కొన్నిసార్లు రోలర్‌కూ ఫిల్ముకూ మధ్య గాలి చిక్కుకుని, ఆ సందులో రవ్వ పుట్టి, వెనకవైపు కూడా తెలియకుండా ట్రీట్ అయిపోతుంది. అప్పుడు చుట్టిన రోల్‌లో పొరకు పొర కరుచుకుంటుంది, విప్పుతుంటే చిరుగుతుంది. ఇక్కడ కూడా అదే మాట. ఎక్కడ జరగాలో అక్కడ జరిపించి, మిగతా చోట ఆపాలి.

ఇంకొకటి. ఈ ట్రీట్‌మెంట్ శాశ్వతం కాదు. వారాలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. ఆక్సిజన్ తగిలిన గొలుసులు లోపలికి తిరిగిపోతాయి. ఫిల్ము జారుడుగా ఉండాలని కలిపే మైనపు పదార్థం పైకి ఊరి, ట్రీట్ అయిన ముఖాన్ని కప్పేస్తుంది. ఎండాకాలంలో గోదాములో రేకుల కప్పు కింద ఉంచితే ఇంకా త్వరగా. అందుకే తెలివైన ప్రింటర్లు తమ యంత్రం ముందే ఇంకో చిన్న ట్రీటర్ పెట్టుకుంటారు.

ఈ పద్ధతి ప్లాస్టిక్‌కే కాదు. అంగోరా కుందేలు ఉన్ని తెలుసా? చాలా మెత్తన, చాలా నున్నన. ఆ నునుపే దానికి శాపం. నూలు వడికితే వెంట్రుకలు ఒకదాని మీద నుంచి ఒకటి జారిపోతాయి, గొర్రె ఉన్ని కలపక తప్పదు. గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థవారు దీన్ని మామూలు గాలిలోనే ప్లాస్మా కింద నడిపించారు. వెంట్రుక పైభాగం నానోమీటర్ల మేర గరుకైంది, జారడం తగ్గింది, మెత్తదనం పోలేదు. ఆ యంత్రం హిమాచల్‌లో కులూ దాకా వెళ్లింది. నాకు ఈ పని చాలా ఇష్టం. ఉన్నిని ఉక్కు గదిలో పెట్టి గాలి తోడడం మొదలుపెడితే, ఉన్నిలోని తేమంతా బయటికి వచ్చేవరకు పంపు ఏడుస్తూనే ఉంటుంది. గాలిలో చేయడం తప్ప ఇంకో దారి లేని వస్తువు అది.

మెత్తని వెలుగు

ఇంతవరకూ రవ్వల గురించి చెప్పాను. రవ్వ ఎంత చిన్నదైనా రవ్వే. అది పడిన చోట ఎక్కువ, పడని చోట తక్కువ. అచ్చు వేయడానికి అది చాలు. కానీ ఆ ముఖం మీద 50 నానోమీటర్ల మందంలో సమానమైన పొర వేయాలంటే? చాలదు. శూన్యంలో ఉండేలాంటి మెత్తని, అంతటా సమంగా పరుచుకున్న వెలుగు కావాలి. ట్యూబ్‌లైట్‌లో ఉండేలాంటిది. మామూలు పీడనంలో అది కుదరదని చాలాకాలం అనుకున్నారు.

1988లో టోక్యోలోని సోఫియా విశ్వవిద్యాలయంలో సచికో ఒకజాకి, మసుహిరో కొగోమా బృందం కుదురుతుందని చూపించింది. మూడు షరతులు పెట్టారు. వాయువు హీలియం కావాలి. ఎలక్ట్రోడ్ మీద గాజులాంటి గోడ కావాలి. కిలోహెర్ట్జ్ స్థాయి ఏసీ కావాలి. హీలియం ఎందుకు? తక్కువ వోల్టేజికే తెరుచుకుంటుంది, వేడిని త్వరగా మోసుకుపోతుంది. అంతకుమించి, హీలియం పరమాణువు ఒకసారి ఉత్తేజితమైతే దాదాపు 20 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిని మూటగట్టుకుని చాలాసేపు తిరుగుతుంది. దారిలో నైట్రోజన్ అణువు తగిలితే దాని ఎలక్ట్రాన్‌ను ఊడగొడుతుంది. దానికి పదిహేనున్నర చాలు కదా. అంటే ఒకే చోట ఉప్పెనలా కాకుండా, అంతటా కొద్దికొద్దిగా ఎలక్ట్రాన్లు పుడుతుంటాయి. అంతటా పుడితే ఏ ఒక్క దారీ మిగతావాటిని మింగేయదు. తరువాత 1993లో అదే బృందం సన్నని తీగల వల పెట్టి, గాలిలోనే, 50 హెర్ట్జ్‌తో, అంటే మన ఇంటి కరెంటు పౌనఃపున్యంతో, ఇలాంటి వెలుగు తెచ్చామని రాసింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. కంటికి సమంగా కనిపించినంత మాత్రాన అది మెత్తని వెలుగు కాదు. ఇందాక అన్నాను కదా, రవ్వలు చోటు మారుతూ ఉంటే పొగమంచులా కనిపిస్తాయని. కరెంటును ఆసిలోస్కోపులో, అంటే అది క్షణక్షణం ఎలా మారుతోందో తెర మీద గీసి చూపే పరికరంలో, చూడాలి. ప్రతి అర్ధ చక్రానికీ ఒకే ఒక్క గూని ఉంటే అది మెత్తని వెలుగు. ముళ్లకంపలా ఉంటే రవ్వలు. ఫ్రాన్సులో ఫ్రాంసువాజ్ మాసిన్ బృందం 1990ల చివర్లో అతి వేగమైన కెమెరాలతో, ఈ కరెంటు కొలతలతో హీలియంలో ఏం జరుగుతోందో, నైట్రోజన్‌లో ఏం జరుగుతోందో విడదీసి చెప్పింది. ఈ రంగంలో చర్చ గట్టిపడింది అక్కడి నుంచే. నా దగ్గరికి వచ్చే విద్యార్థులు ముందు ఫోటో చూపిస్తారు. ఫోటో బాగుంది నాయనా, కరెంటు ఏదీ, అంటాను.

హీలియంతో చిక్కు మీకు తెలిసిందే, ధర. మనం దిగుమతి చేసుకునేది. ప్రయోగశాలలో సిలిండరు తెరిచి పెట్టుకోవచ్చు, నిమిషానికి వంద మీటర్ల లైను మీద పెట్టలేం. అందుకే పరిశ్రమ కన్ను నైట్రోజన్ మీద, ఆర్గాన్ మీద ఉంది.

ఆపడానికి ఇంకో దారి కూడా ఉంది, దాన్ని ఎక్కువసేపు చెప్పను. ప్లాస్మాను సందులో ఉంచకుండా వాయువుతో ఊది బయటికి తోసేయడం. జెట్. 1998 ప్రాంతంలో అమెరికాలో లాస్ అలమోస్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు హీలియం, ఆక్సిజన్ జెట్‌తో చేశారు. జర్మనీలో ప్లాస్మాట్రీట్ కంపెనీ కేవలం పీల్చే గాలితో నడిచే నాజిల్‌ను 1990ల మధ్యలోనే అమ్మకానికి పెట్టింది. కారు హెడ్‌లైట్ గిన్నెను జిగురుతో అతికించే ముందు రోబో చేయి ఆ నాజిల్‌ను గాడి వెంట నడిపిస్తుంది. గుండ్రటి వస్తువులకు, గాడులకు జెట్. చదునైన ఫిల్ముకు రోలర్. అంతే తేడా.

పొర వేయడం

ఇప్పుడు అసలు రుచికరమైన భాగం. ఇంతవరకూ ఉన్న ముఖాన్ని మార్చాం. కొత్త పొర వేయాలంటే పొరకు కావలసిన సరుకును ప్లాస్మాలోకి ఆవిరిగా పంపాలి. ఎక్కువగా వాడేది హెక్సామిథైల్ డైసిలోక్సేన్. పేరు పొడుగు, ప్రయోగశాలలో హెచ్‌ఎమ్‌డీఎస్‌ఓ అంటాం. నీళ్లలాంటి ద్రవం, వంద డిగ్రీల దగ్గర మరుగుతుంది. రెండు సిలికాన్లు, మధ్యలో ఒక ఆక్సిజన్, చుట్టూ ఆరు మిథైల్ గుంపులు, అంటే కార్బన్, హైడ్రోజన్ ముక్కలు.

దీనిలో నాకు ఎప్పటికీ ముచ్చటగా తోచే సంగతి చెబుతాను. ఆవిరితో పాటు ఆక్సిజన్ పంపకపోతే, లేదా అతి తక్కువ పంపితే, మిథైల్ గుంపులు చాలావరకు మిగిలిపోతాయి. పడిన పొర మెత్తగా, సిలికోన్ రబ్బరులా ఉంటుంది. నీరు దాని మీద నిలబడదు, దొర్లిపోతుంది. ఆక్సిజన్ వాల్వు తిప్పుతూ పోండి. మిథైల్ గుంపులు కాలి కార్బన్ డయాక్సైడ్‌గా, నీటి ఆవిరిగా వెళ్లిపోతాయి. మిగిలేది సిలికాన్, ఆక్సిజన్. అంటే సిలికా. అంటే గాజు. నీరు దాని మీద పరుచుకుంటుంది. అదే సీసాలోని ద్రవం, అదే యంత్రం, వాల్వు తిప్పుడులో తేడా. ఒక వైపు రబ్బరు, ఒక వైపు గాజు. మధ్యలో మీకు కావలసిన చోట ఆగవచ్చు.

మరి చిక్కు ఎక్కడుంది? రెండు చోట్ల ఉంది.

మొదటిది తెల్ల పొడి. సెకనుకు 700 కోట్ల ఢీకొనడాలు అన్నాను గుర్తుందా? ప్లాస్మాలో విరిగిన సిలికాన్ ముక్కలు ఫిల్ము దాకా చేరకముందే, గాలిలోనే ఒకదానికొకటి తగిలి గడ్డలు కడతాయి. పొర పడాల్సిన చోట సుద్దపొడి రాలుతుంది. తెరిచి చూస్తే ఎలక్ట్రోడ్ మీద తెల్లగా పిండి చల్లినట్టు ఉంటుంది. వేలితో తుడిస్తే వచ్చేస్తుంది. శూన్యంలో పనిచేసి ఇటు వచ్చినవారు మొదటిసారి దీన్ని చూసి నివ్వెరపోతారు. మందు ఏమిటి? ఆవిరిని అతి తక్కువగా పంపడం, పది లక్షల భాగాల్లో కొన్ని పదులు, వందలు. వాయువు ప్లాస్మాలో ఉండే సమయాన్ని మిల్లీసెకన్లకు తగ్గించడం. రసాయన చర్య గాలిలో మొదలై గాలిలోనే ముగియకూడదు. గాలిలో మొదలవ్వాలి, ఫిల్ము మీద ముగియాలి. మళ్లీ అదే, ఎక్కడ ఆపాలన్న ప్రశ్న.

రెండోది ఇంకా లోతైనది. శూన్యంలో అయాన్లు పదుల, వందల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో వచ్చి పొరను కుమ్ముతాయి. ఆ కుమ్ముడుకు పరమాణువులు సర్దుకుని దగ్గరగా కూర్చుంటాయి, పొర బిర్రుగా తయారవుతుంది. ఇక్కడ అయాను 68 నానోమీటర్లకొకసారి ఎవరినో ఒకరిని గుద్దుకుంటూ వస్తుంది, పొరను చేరేసరికి దాని దగ్గర శక్తి ఏమీ మిగలదు. కాబట్టి పొర వదులుగా ఉంటుంది, సందులుంటాయి, తేమ దూరుతుంది. తేమను ఆపే పొరలు మామూలు పీడనంలో రావని శూన్యం వాళ్లు ధీమాగా ఉండేవారు. న్యాయమైన ధీమాయే, భౌతిక శాస్త్రం వాళ్ల వైపే ఉంది.

దీన్ని నెదర్లాండ్స్‌లో ఫుజీఫిల్మ్ పరిశోధకులు, ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు కలిసి ఓపికగా విప్పారు. కుమ్మేవాళ్లు లేరు కదా, అయితే ఏం చేయాలి? సరుకు తగ్గించి, ఒక్కో అణువుకు అందే శక్తిని పెంచాలి. ప్రతి అణువుకూ మిథైల్ లాంటి ముక్కలన్నీ వదిలించుకుని, కుదురుగా కూర్చోవడానికి సమయం దొరకాలి. ఫిల్ము రోల్ నుంచి రోల్‌కు కదులుతుండగానే, పంపు లేకుండా, వంద నానోమీటర్ల లోపు సిలికా పొర వేశారు. ఆ పొరలోంచి దూరే తేమ రోజుకు చదరపు మీటరుకు మిల్లీగ్రాముల లెక్కకు పడిపోయింది. ఆహార ప్యాకెట్లకు అంతకంటే చాలా వదులైన లెక్కే చాలు. సోలార్ ఫిల్ములకు ఇది పనికొచ్చే స్థాయి. ఫోన్లలో ఉండే ఓఎల్ఈడీ తెరలకు మాత్రం ఇంకా వెయ్యి రెట్లు గట్టి పొర కావాలి, మైక్రోగ్రాముల లెక్క. అక్కడ ఒక్క పొర పని చేయదు. పొర, మధ్యలో పాలిమర్, మళ్లీ పొర, ఇలా పేర్చాలి.

కాబట్టి, "శూన్యపు యంత్రాలను ఇక తుక్కుకు వేసేయవచ్చా" అని ఇందాక టీ దగ్గర ఒకాయన అడిగారు. వేయకండి. చిప్పులు వాటిలోనే తయారవుతాయి, ఇంకా చాలాకాలం. గట్టి, బిర్రు పొర కావాలి, వస్తువు చిన్నది, ఖరీదైనది అంటే శూన్యమే. వెడల్పైనది, చవకది, తడిది, ఆగకుండా పరుగెత్తేది అంటే గాలి. రెండూ పోటీ పడే చోటు చాలా సన్నన, అక్కడే ఇప్పుడు పరిశోధనంతా నడుస్తోంది.

హైదరాబాద్ నుంచి వచ్చినవారు ఒకరు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే లోహపు పొడుల, కొత్త పదార్థాల పరిశోధన కేంద్రంలో చేసే ప్లాస్మా స్ప్రే కూడా ఇదేనా అన్నారు. కాదండి. అదీ మామూలు పీడనమే, పేరూ దగ్గరగానే ఉంటుంది. కానీ అక్కడ ఆర్క్‌ను ఆపరు, అదే కావాలి వాళ్లకు. లోహం, పింగాణీ పొడిని దానిలోకి పంపి కరిగించి కొడతారు. టర్బైన్ రెక్కల మీద వందల మైక్రాన్ల పూత. మనం మాట్లాడుకుంటున్నదానికి అది వేల రెట్లు మందం. గొప్ప విద్యే, ఇది మాత్రం వేరు.

చివరగా, ఇంజినీరింగ్ పిల్లలు ఇద్దరు ముగ్గురు కళ్లు మెరిపిస్తూ కూర్చున్నారు, నాకు కనిపిస్తోంది. ఇంట్లో పాత టీవీ ట్రాన్స్‌ఫార్మర్ విప్పి దీన్ని చేయాలని ఉంది కదూ? వద్దు. పదివేల వోల్టుల దగ్గర రెండో పొరపాటు చేసే అవకాశం ఉండకపోవచ్చు. పైగా ఓజోను. పనిచేసే చోట గాలిలో పది లక్షల్లో 0.1 భాగం మించకూడదంటారు, మూసిన గదిలో చిన్న ప్లాస్మా కూడా దాన్ని ఇట్టే దాటిస్తుంది. వాసన వచ్చి, కాసేపటికి రావడం మానేస్తే, ఓజోను పోయిందని కాదు, మీ ముక్కు అలవాటు పడిందని. కాలేజీ ప్రయోగశాలలో, పొగగొట్టం ఉన్న చోట, మాస్టారు పక్కనుండగా చేయండి.

ఫ్యాను వేసేయండి బాబూ, పని అయిపోయింది. డైన్ పెన్నులు, ఫిల్ము ముక్కలు ఆ బల్ల మీద పెడుతున్నాను, వచ్చి గీసి చూడండి. పెన్నులోది ఫార్మమైడ్ కలిసిన ద్రవం, కాబట్టి పక్కనున్న గ్లౌజులు వేసుకునే ముట్టుకోండి. గర్భిణులు దూరం నుంచే చూడండి, దయచేసి. పిల్లల చేతికి ఇవ్వకండి. గీతను రెండు సెకన్లు చూడాలి, గుర్తుంది కదా. ఇక ప్రశ్నలు. ముందు ఆ కిటికీ పక్కన ఉన్నవారు, చాలాసేపటి నుంచి చేయెత్తి ఉన్నారు.